దుప్పట్ల కింద పదకొండు పుస్తకాలు

ఆ సోమవారం సాయంత్రం మా కోడలు పని నుంచి వచ్చి, చెప్పులైనా విప్పకుండా వంటింటి గుమ్మంలో కూలబడింది. సంచిలోంచి ఒక పుస్తకం తీసి నా ఒళ్ళో పడేసింది. కొత్తది, జిగురు వాసన ఇంకా పోలేదు. అట్ట మీద టోపీ పెట్టుకున్న మనిషి నీడ, దాని కింద ఎర్రటి చుక్క. హత్య కథ అన్నమాట.

"చూడండి అత్తయ్యా నా ఘనకార్యం!"

చేతిలోకి తీసుకోగానే బరువు తక్కువనిపించింది. చివరి పేజీ తీశాను. నూట అరవై. డిటెక్టివు మేడ మీది గది తలుపు నెమ్మదిగా తోశాడు, లోపల కుర్చీలో కూర్చున్న మనిషి ఇటు తిరిగింది, ఆ మనిషి... అంతే. పక్కన ఖాళీ అట్ట.

"లోపల ఎవరే?" అన్నాను.

"నాకేం తెలుసు? మిగిలిన నాలుగు ఫారాలూ బల్ల మీదే ఉండిపోయాయి!" అని బావురుమంది.

ఫారం అంటే ఏమిటో చెప్పాలి కదా. అచ్చయిన పెద్ద కాగితాన్ని మూడు మడతలు పెడితే పదహారు పేజీలవుతుంది. దాన్నే ఫారం అంటాం. మొదటి పేజీ అడుగున దాని అంకె ఉంటుంది. మా బైండింగు షాపులో గోడ పొడుగునా ఒక బల్ల ఉంది. దాని మీద ఒకటో ఫారం గుట్ట, రెండో ఫారం గుట్ట, అలా వరసగా పేర్చి ఉంటాయి. బల్ల పక్కనే నడుస్తూ, ఎడమ చేతిని పళ్ళెంలా పెట్టి, కుడి బొటనవేలితో ఒక్కో గుట్టలోంచి ఒక్కో ఫారం తీసుకుంటూ పోవాలి. చివరికి చేరేసరికి చేతిలో ఒక పుస్తకం. దాన్ని కుట్టే వాళ్ళ దగ్గర పెట్టి మళ్ళీ మొదటికి రావాలి. ముప్పై ఒక్క ఏళ్ళు నేను చేసిన పని ఇదే. ఆ నడకంతా తిన్నగా నడిచి ఉంటే ఎక్కడో ఏ సముద్రమో అడ్డొచ్చి ఆగేదాన్ని. నా చేతుల మీదుగా వెళ్ళిన పుస్తకాలకు లెక్క లేదు. చదివినవి అడక్కండి. నాలుగో తరగతితో బడి మానేసినదాన్ని. అంకెలు మాత్రం నాకు చుట్టాలకంటే దగ్గర.

మోకాళ్ళు మొరాయించి నేను పని మానేసిన రోజున అందరికీ టీ, కేకు ఇచ్చారు. మేస్త్రి లేచి నిలబడ్డాడు. ఆయనకు రెండు కళ్ళజోళ్ళుంటాయి, ఒకటి ముక్కు మీద, ఒకటి నెత్తి మీద. ఎప్పుడూ మూడోదాని కోసం వెతుకుతున్నట్టే ఉంటాడు. "ఈ అమ్మ చేతిలో ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్క ఫారం తప్పు పడలేదు" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కేకు తింటూ కూర్చున్నాను. నోట్లో కేకు ఉంది కాబట్టి మాట్లాడలేదని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను.

నా స్థానంలోకి మా కోడలు వచ్చింది. అంతవరకూ తను వెనక గదిలో కూర్చుని కాగితాలు మడిచేది. బల్ల దగ్గరికి రావాలని ఎన్నాళ్ళ నుంచో దాని కోరిక. "కూర్చుని మడుస్తుంటే నేనూ మడత పడిపోతున్నాను అత్తయ్యా. నడిస్తే నాకు ప్రాణం లేచొస్తుంది" అనేది. కానీ మూడు నెలలుగా చిన్న చిన్న తప్పులు. ఒకసారి ఒకే ఫారం రెండు, ఇంకోసారి ఐదుకి ముందు ఆరు. తప్పు జరిగినప్పుడల్లా ఎవరో ఒకరు అననే అంటారు, "మీ అత్తగారైతేనా..." అని. ఆ మాట విన్నాక దాని చెయ్యి ఇంకా వణుకుతుంది. వణికితే ఇంకో తప్పు.

అప్పుడు ఫోనులో ధ్యానం క్లాసులో చేరింది. పొద్దున్నే ఒక మెత్తటి గొంతు వచ్చి, శ్వాస మీద దృష్టి పెట్టండి, తినేది రుచి తెలిసేలా తినండి, నడిస్తే పాదం నేలకు ఆనడం గమనించండి అని చెబుతుంది. మంచి మాటలే. నాకూ నచ్చాయి. కాకపోతే మా కోడలు ఏ పనైనా పరీక్షకు కూర్చున్నట్టే చేస్తుంది. ఒకరోజు నారింజ తొన ఒక్కటి నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని పావుగంట నమిలింది. మా అబ్బాయి తలుపు దగ్గర షూ వేసుకుంటూ చూసి, "అమ్మా, ఆ తొన నోట్లో పెట్టుకున్నప్పుడు నాకు జుట్టు నల్లగా ఉండేది" అన్నాడు. మనవరాలు నవ్వి నవ్వి పాలు ఒలకబోసింది. ఆ రోజు కోడలికి బస్సు తప్పింది. ఇంకో రోజు బస్సులో కూర్చుని కాలి వేళ్ళ నుంచి తల దాకా ఒక్కో భాగాన్నీ గమనించుకుంటూ వెళ్ళిందట. భుజాల దగ్గరికి వచ్చేసరికి దిగాల్సిన స్టాపు దాటి రెండు స్టాపులైంది.

అలా వచ్చింది ఆ సోమవారం. ఆ రోజు పాఠం, శ్వాస లెక్కపెట్టడం. ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టు, పది కాగానే మళ్ళీ ఒకటికి రా. పద్నాలుగు ఫారాల హత్య కథ బల్ల మీద ఉంది. ఒక ఫారానికి ఒక శ్వాస అనుకుంది మా కోడలు. ఒకటి, రెండు, మూడు. పది. పది కాగానే పుస్తకం అక్కడ పెట్టేసి మళ్ళీ ఒకటో గుట్ట దగ్గరికి వచ్చేసింది!

"ఎంత హాయిగా ఉందో తెలుసా అత్తయ్యా, మూడు నెలల్లో మొదటిసారి చెయ్యి వణకలేదు" అని చెప్పి మళ్ళీ ఏడ్చింది.

అలా నలభై పుస్తకాలు. ఫారం వీపు మీద, అంటే కుట్టు పడే మడత అంచు మీద, చిన్న నల్ల గీత ఉంటుంది. ఒక్కో ఫారానికి ఒక్కో మెట్టు కిందికి. వరస సరిగా ఉంటే పుస్తకం వీపు మీద గీతలన్నీ కలిసి మెట్లలా కనిపిస్తాయి. తప్పితే మెట్టు విరుగుతుంది, ఎవరైనా పట్టేస్తారు. ఇక్కడేమో పది మెట్లూ ముచ్చటగా ఉన్నాయి. కథ మధ్యలో ఆగిపోయిందని ఎవరికి తెలుస్తుంది? టీ వేళకు మేస్త్రి వచ్చి చూస్తే మొదటి పది గుట్టలూ దిగిపోయి ఉన్నాయి, చివరి నాలుగూ కదలకుండా కూర్చున్నాయట. ముప్పై తొమ్మిదింటికి మిగతా ఫారాలు కలిపి సరిచేశారు. ఒక్కటి మాత్రం అప్పటికే నమూనాకని కుట్టి, అట్ట వేసి, అంచులు కోసేశారు.

"ఆ ఒక్కదాన్నీ నా సంచిలో పెట్టారండీ" అంది కోడలు. "ఎవరు పెట్టారో తెలీదు. చెప్పకుండా, కాగితంలో చుట్టి. వెక్కిరించడానికే కదా? నలుగురిలో తిట్టినా బాగుండేది."

అప్పుడు నేను నోరు తెరవాలి. తెరవలేదు. ఎందుకో తర్వాత చెబుతాను.

"మేస్త్రి ఏమన్నాడు?" అని మాత్రం అడిగాను.

"గురువారం నుంచి నర్సుల పుస్తకం నేనే కూర్చాలట. మందులు, మోతాదులు ఉండే పుస్తకం. ఇరవై రెండు ఫారాలు, మూడు వందల కాపీలు. అచ్చు వేసినవాళ్ళు వీపు గీతలు మర్చిపోయారు, మెట్లు లేవు. కూర్చేవాళ్ళు ఇంకెవరూ ఖాళీగా లేరు. 'ఒక మందు పక్కన ఇంకో మందు మోతాదు వస్తే ఏమవుతుందో నీకు చెప్పక్కర్లేదమ్మా. ఒక్క కాపీకి తప్పుగా కుట్టు పడినా సోమవారం నుంచి నువ్వు కింద ప్యాకింగు గదిలో' అన్నాడు."

ప్యాకింగు గదికి కిటికీ లేదు. రోజంతా ఒకేచోట నిలబడి పుస్తకాలకు ప్లాస్టిక్ తొడగాలి. మా కోడలు అక్కడ వారం రోజులుంటే వాడిపోతుంది. ఆ సంగతి దానికీ తెలుసు, నాకూ తెలుసు.

మంగళవారం, బుధవారం నేను సలహాలిచ్చాను. అబ్బో, ఎన్ని సలహాలో. గట్టిగా అంకె పైకి చెప్పు, చెవిలో దూది పెట్టుకో, మధ్యాహ్నం తక్కువ తిను. అది అన్నిటికీ తలూపింది. బుధవారం సాయంత్రం మంచం మీద ఆరిన బట్టలు మడుస్తూ కూర్చుంది. నేను కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నాను. తువ్వాలు మడిచింది, విప్పింది, మళ్ళీ మడిచింది. అంచులు కలవలేదని మళ్ళీ విప్పింది.

"తువ్వాలుకి కూడా మేస్త్రి ఉన్నాడా?" అన్నాను.

నవ్వలేదు. "మీకు మనసు ఎటూ పోయేది కాదా అత్తయ్యా? ముప్పై ఒక్క ఏళ్ళు! నాకు మూడు గుట్టలు దాటేలోపే పోతుంది. పిల్ల షూ చిన్నదైందని, గ్యాసు కట్టానా లేదా అని, పొద్దున ఎవరో అన్న మాట అని. మనసు పోకుండా ఉండటం నా వల్ల కాదు. నేను మీలా పుట్టలేదు. ఇంక రేపు పోయి చెప్పేస్తాను, ప్యాకింగుకే పోతానని."

ఇక అప్పుడు నా నోట్లో కేకు లేదు.

"ఆ బీరువా కింది అర తెరువు. దుప్పట్లు తియ్యి" అన్నాను.

"ఇప్పుడు దుప్పట్లెందుకు?"

"తియ్యవే, చెబుతున్నానుగా!"

దుప్పట్లు తీసింది. వాటి కింద పాత గుడ్డ మూట ఉంది. విప్పింది. ఒక్కొక్కటే తీసి మంచం మీద పెట్టింది. పిల్లల లెక్కల పుస్తకం, అందులో మూడో ఫారం రెండుసార్లుంది. తోటపని పుస్తకం, ఎండాకాలం అయ్యాక శీతాకాలం, ఆ తర్వాత వానాకాలం. ఒక డాక్టరుగారి ఆత్మకథలో ఆయన రిటైరయ్యాక పుడతాడు. ఒక పాటల పుస్తకంలో ఒక ఫారం మొత్తం తలకిందులు. మొత్తం పదకొండు.

కోడలు వాటి వైపు, నా వైపు మార్చి మార్చి చూసింది.

"ఇవి ఎవరివి?"

"ఎవరివేమిటి, నావే. తప్పుగా కుట్టేసిన పుస్తకం ఎవరి చేతిది అయితే వాళ్ళ సంచిలోకి పోతుంది. పాత మేస్త్రి పెట్టిన పద్ధతి అది. ఎవరూ నోరెత్తి ఒక్క మాట అనరు. సాయంత్రం సంచిలో కాగితం చుట్టి ఉంటుంది, ఇంటికి తెచ్చుకుంటాం. వెక్కిరించడానికి కాదే, నలుగురిలో చెత్తబుట్టలో వెయ్యకుండా ఉండటానికి. నీ పక్కన పనిచేసే ప్రతి ఒక్కరి ఇంట్లోనూ ఎక్కడో ఒక మూట ఉంది. మాట్లాడుకోం కాబట్టి ఎవరికి వాళ్ళు తామొక్కరే అనుకుంటారు."

"మరి మేస్త్రిగారు ఒక్క తప్పు లేదన్నారు!"

"ఆయన వచ్చేసరికి నాకు తప్పులు తగ్గిపోయాయి. అంతకు ముందు పన్నెండేళ్ళు ఆయన చూడలేదుగా. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు బాగుంది. ఊరుకున్నాను. ఆ బరువు తెచ్చి నీ నెత్తిన పెట్టాను. చూస్తూ కూడా రెండు రోజులు దూది పెట్టుకో, పప్పు పెట్టుకో అని కబుర్లు చెప్పాను."

నేను చీర చెంగుకి మడతలు పెడుతూ కూర్చున్నాను. నిజం. ఈ వయసులో కోడలి ముందు. అది డాక్టరుగారి పుస్తకం తెరిచి, ఒక పేజీ చదివి, ఉన్నట్టుండి పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. "రిటైరయ్యాక పుట్టాడా!" అని మంచం మీద దొర్లింది. పక్క గదిలోంచి మా అబ్బాయి వచ్చి, ఇద్దరినీ చూసి, ఏమీ అడక్కుండా వెనక్కి వెళ్ళిపోయాడు. తెలివైనవాడు.

నవ్వు తగ్గాక, "మరి తప్పులు ఎలా తగ్గాయి?" అని అడిగింది.

నాకు తెలిసింది చెప్పాను. మనసు పోతుంది. అందరిదీ పోతుంది, ఆ ఫోనులో మెత్తటి గొంతుదీ పోతుంది. నాకు పదకొండు పుస్తకాల తర్వాత అర్థమైంది ఏమిటంటే, మనసు పోయినప్పుడు తప్పు పడటం లేదు. తిరిగొచ్చాక, అసలు ఎక్కడికీ పోనట్టు ముందుకు నడిచినప్పుడు పడుతోంది. అందుకని నేను ఒక పని చేసేదాన్ని. మనసు తిరిగొచ్చిందని తెలిసిన చోటే ఆగేదాన్ని. తిట్టుకోవడం లేదు, కంగారు లేదు. ఒక అడుగు వెనక్కి వేసి, చేతిలో పైనున్న ఫారం అంకె చూసి, దాని మడత మీద బొటనవేలు ఒకసారి నడిపేదాన్ని. చల్లగా, గట్టిగా తగులుతుంది. అప్పుడు ముందుకు.

"ఇంతేనా?"

"ఇంతే. రోజుకు వందసార్లు వెనక్కి వేసిన రోజులున్నాయి. అప్పట్లో నన్ను ఎండ్రకాయ అనేవాళ్ళు."

గురువారం, శుక్రవారం ఏం జరిగిందో మా కోడలు సగం చెప్పింది, సగం కుట్టు వదిన చెప్పింది. కుట్టు వదిన అంటే ఆ షాపులో ఫారాలు కుట్టే ఆవిడ, మా కింది వాటాలోనే ఉంటుంది. ఇరవై ఐదేళ్ళుగా నాకు స్నేహితురాలు. శుక్రవారం సాయంత్రం కోడలికంటే ముందు ఆవిడే మెట్లెక్కి వచ్చింది, రొప్పుతూ.

"వదినా, నీ కోడలు నిన్నంతా బల్ల దగ్గర డాన్సు చేసింది!"

"డాన్సా?"

"రెండడుగులు ముందుకు, ఒకటి వెనక్కి. బొటనవేలితో రుద్దడం. మళ్ళీ ముందుకు. మేస్త్రి రెండు కళ్ళజోళ్ళూ మార్చి మార్చి చూశాడు. 'ఏమ్మా, దారి తప్పావా?' అన్నాడు. 'లేదండీ, దారిలోకి వస్తున్నాను' అంది. మేమంతా సూదులు ఆపి చూశాం!"

అలా ఒకసారి వెనక్కి వేసినప్పుడే పదహారో ఫారం రెండు అతుక్కుని వచ్చాయని పట్టుకుందట. గురువారం నూట అరవై పూర్తయ్యాయి. శుక్రవారం మధ్యాహ్నానికి ఇంకో నూట ఇరవై. అన్నీ గుట్టగా కుట్టు బల్ల మీదకి చేరాయి. ఇరవై కాపీలు మిగిలాయి, ఇక గట్టెక్కినట్టే. అప్పుడు మా కోడలు బల్ల వదిలేసి మేస్త్రి దగ్గరికి వెళ్ళి నిలబడిందట.

"ఆ గుట్టలో ఒకటి తప్పు ఉంది" అంది.

కుట్టు వదిన చేతిలో సూది అలాగే ఆగిపోయింది.

"ఏది?" అన్నాడు మేస్త్రి.

"ఏదో తెలీదండీ. టీ ముందు పిల్ల బడి నుంచి ఫోనొచ్చింది. అది మోగినప్పుడు నేను ఆగలేదు, ఆగినట్టు చేశాను. తిరిగి చూసుకోకుండా పుస్తకం పెట్టేశాను. అప్పుడు కూర్చినవాటిలో ఒకటి అయి ఉంటుంది."

"నువ్వు చెప్పకపోతే ఈవిడ కుట్టేసేది. నాకు తెలిసేది కూడా కాదేమో."

"అవునండీ."

మేస్త్రి నెత్తి మీద కళ్ళజోడు ముక్కు మీదకి దించాడు. ముగ్గురూ కూర్చుని గుట్టలో అరవై పుస్తకాల దాకా ఒక్కో ఫారం అంకె చూశారు. నలభై మూడోది. అందులో తొమ్మిదికి ముందు పది. పిల్లల మోతాదు ఉండాల్సిన చోట పెద్దల మోతాదు. కోడలు తన చేత్తోనే వరస మార్చి సరిచేసింది. మేస్త్రి కళ్ళజోడు మళ్ళీ నెత్తి మీదకి ఎక్కించాడట. ఆ తర్వాత, "మీ అత్తగారు ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్కటీ తప్పలేదు తెలుసా" అన్నాడట, పాత పాటలా.

"అప్పుడు నీ కోడలు ఏం చేసిందో తెలుసా వదినా?" అంది కుట్టు వదిన నా మోకాలి మీద కొట్టి. "పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకుంది. 'ఎందుకమ్మా నవ్వుతావ్' అంటే 'ఏం లేదండీ, మా అత్తయ్య మీద గౌరవం' అంది. ఏమిటి సంగతి?"

నా మీద ఈగ వాలనివ్వలేదన్నమాట. తన ఉద్యోగం ఊగుతుంటే కూడా. అది వినగానే నాకు కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు. ఫోను తీసి మేస్త్రికే చేశాను. కుట్టు వదిన పక్కనే చెవి పెట్టి కూర్చుంది.

"ఏమిటి పెద్దమ్మా, కులాసానా?"

"కులాసానే గానీ బాబూ, నీతో ఒక మాట. నావి పదకొండు."

"ఏవి పదకొండు?"

"సంచిలో తెచ్చుకున్నవి. దుప్పట్ల కింద ఉన్నాయి. కావాలంటే వచ్చి లెక్కపెట్టుకో. ఇంక ఆ ఒక్కటీ తప్పలేదన్న మాట ఆపెయ్యి. ఆ రోజే చెప్పాల్సింది, కేకు తింటూ కూర్చున్నాను."

అవతల తలుపు మూసిన చప్పుడైంది.

"నావి ఏడు" అన్నాడు చిన్న గొంతుతో. "మేస్త్రిని కాకముందువి, అటక మీద ఉన్నాయి. మా ఆవిడకి కూడా తెలీదు."

ఇటు తిరిగితే కుట్టు వదిన తన వేళ్ళు లెక్కపెట్టుకుంటోంది. రెండు చేతులూ అయిపోయాయి.

"మరి మా పిల్ల సంగతి?" అన్నాను ఫోనులో.

"తప్పుకి కుట్టు పడలేదుగా పెద్దమ్మా, తనే ఆపింది. సోమవారం అట్లాసు పని వస్తోంది. ముప్పై రెండు ఫారాలు. మీ కోడల్ని మంచి చెప్పులు వేసుకుని రమ్మనండి, చాలా నడవాలి."

కోడలు ఇంటికి వచ్చేసరికి వెలుగు ఇంకా ఉంది. ఈసారి గుమ్మంలో కూలబడలేదు. తిన్నగా వచ్చి నా ముందు నిలబడి, సంచిలోంచి కాగితంలో చుట్టిన పొట్లం ఒకటి తీసింది.

"మళ్ళీనా?" అన్నాను కంగారుగా.

"మళ్ళీనే. వచ్చేటప్పుడు చూస్తే సంచిలో ఉంది. ఎవరు పెట్టారో ఎప్పటిలాగే తెలీదు. కానీ ఇది మీకే అనుకుంటా."

విప్పాను. నాలుగు ఫారాలు. పదకొండు, పన్నెండు, పదమూడు, పద్నాలుగు. నా హత్య కథ చివర!

మనవరాలు పరిగెత్తుకొచ్చి, "నానమ్మా, చివరి పేజీ చూసేద్దామా?" అంది. దాని చెయ్యి పట్టి ఆపాను. చివరి పేజీ నుంచి చూడటం నాకు చేతకాదు. పదకొండో ఫారం మడత మీద బొటనవేలు నడిపి, అంచులు ఇంకా కొయ్యని పేజీలు కత్తెరతో విడదీసి, కిటికీ దగ్గర కూర్చున్నాను. పుస్తకంలో నూట అరవయ్యో పేజీ చివర్నుంచి మొదలుపెట్టి, వేలు పెట్టి ఒక్కో మాటా చదువుతున్నాను. వంటింట్లో కోడలు గుడ్లు గిలక్కొడుతూ మా అబ్బాయికి అట్లాసు గురించి చెబుతోంది, ముప్పై రెండు ఫారాలట, ముప్పై రెండు! ఆ గొంతు వింటూ నాలుగు లైన్లు ఎప్పుడు దాటేశానో తెలీదు. కళ్ళు కదిలాయి గానీ ఒక్క మాటా తలకెక్కలేదు.

వేలు నాలుగు లైన్లు వెనక్కి జరిపాను. తలుపు తెరుచుకుంది. కుర్చీలో మనిషి ఇటు తిరిగింది.